ఒక్కరి పేరు మీద

ఈ గొడవ మొత్తంలో దొంగ అనదగ్గ మనిషి ఒక్కడూ లేడు. అందుకే నా ఒళ్ళు ఇంకా మండుతోంది. దొంగంటూ ఉంటే నాలుగు తిట్టి, స్టేషనుకి వెళ్ళి, పేపర్లో వేయించి కాస్తయినా చల్లబడేదాన్ని. మంచివాళ్ళందరూ కలిసి ముంచేస్తే ఎవరిని తిట్టాలి?

మాకు బంటుమిల్లి అవతల రొయ్యల చెరువు ఉంది. మాకు అంటే మా ఒక్కళ్ళకే కాదు. ఇక్కడ చెరువులు చాలావరకు వాటాల మీదే నడుస్తాయి. లీజు కాగితం మాత్రం ఒక్కరి పేరు మీద ఉంటుంది, పెద్దరికం ఉన్న మనిషెవరో ఒకరి పేరు మీద. మిగిలిన వాటాదారులకు కాగితం ఉండదు, మాటే. దానివల్ల పేచీలు వచ్చింది లేదు. ఎందుకు వస్తాయి? పట్టుబడి రోజున, అంటే రొయ్యలు పట్టే రోజున, వాటాదారులందరూ గట్టు మీదే నిలబడతారు. వల లాగేది కళ్ళముందే, కాటా కళ్ళముందే, లారీ ఎక్కేది కళ్ళముందే. మా చెరువు లీజు మా బావగారు జనార్దనరావు గారి పేరు మీద ఉంటుంది. మా ఆయన శోభనాద్రికి ఆయన పెదనాన్న కొడుకు. గుడివాడలో కాపురం. ఏనాడూ ఒక్క పైసా తేడా చెయ్యలేదు. ఆ మాట ఏ కోర్టులో అడిగినా చెప్తాను.

ఆయన గురించి చెప్పాల్సింది ఇంకొకటి ఉంది. ఎదురుగా కూర్చుని అడిగితే ఆయన ఎవరినీ కాదనలేరు. మొన్నటి ఎన్నికల్లో రెండు పార్టీల వాళ్ళూ వచ్చి మీ ప్రహరీ మీద ఫ్లెక్సీ కట్టుకుంటామంటే ఇద్దరికీ సరేనన్నారు. ఎన్నికలయ్యేదాకా ఆ ఇద్దరు నాయకులూ ఒకే గోడ మీద పక్కపక్కనే దణ్ణాలు పెడుతూ నవ్వారు. గుడివాడ గుడివాడంతా అది చూసి నవ్వింది. మా చుట్టాలు మాత్రం దాన్ని మంచితనం అంటారు. ఆ మాట వింటే నాకు పళ్ళు నూరాలనిపిస్తుంది.

అనుదీప్ ఆ బావగారి స్నేహితుడి కొడుకు. వాళ్ళది దివిసీమలో నాగాయలంక వైపు. గుడ్లవల్లేరులో ఇంజనీరింగ్ చదివి, కొన్నాళ్ళు బెంగళూరులో పనిచేసి, ఒక యంత్రం తయారుచేసుకుని మా చెరువు మీదికి వచ్చాడు. రొయ్యలు మేత తినేటప్పుడు నీళ్ళలో చిటపటమని చప్పుడు వస్తుంది. నీళ్ళలోకి దించిన మైకు ఆ చప్పుడు విని, అవి తింటున్నంతసేపూ మేత వేస్తుంది, ఆపగానే ఆపేస్తుంది. మేత వృథా కాదు, అడుగున కుళ్ళదు, నీళ్ళు పాడవవు. రెండు పంటలు మా చెరువులోనే పరీక్ష పెట్టాడు. పనిచేసింది. అతని మీద ఎంత కోపం ఉన్నా ఆ మాట మింగను. కంపెనీకి చిటపట అని పేరు పెట్టాడు. దీపావళి సామాను కొట్టులా ఉందిరా అబ్బాయ్ అన్నాను. పకపకా నవ్వాడు.

"పిన్నీ, ఇది మన చెరువులో పుట్టింది. మనవాళ్ళే వాటాలు తీసుకోవాలి. ఎవరో సూటు బూటు వేసుకుని వచ్చి తీసుకుపోతే నాకు నచ్చదు," అన్నాడు.

మనవాళ్ళు అనగానే మనవాళ్ళందరూ కరిగిపోయారు. పాడి మీద కూడబెట్టి గుడివాడలో కొనుక్కున్న ఇంటి స్థలం అమ్మి నేను పెట్టాను. చెరువు వాటాదారులందరూ పెట్టారు. తాతమ్మ కూడా పెట్టింది. పేరే తాతమ్మ, చుట్టరికం కాదు. తాతమ్మ మంగినపూడి దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో ఉంటుంది. పట్టుబడి రోజుల్లో మా గట్టుకి వచ్చి, కొనుగోలుదారులు పక్కన పడేసిన చిన్న రొయ్యలు కొనుక్కుని బందరు మార్కెట్లో అమ్ముకుంటుంది. భర్త పోయాక మిగిలిన ఇంజను బోటు అమ్మి ఆ డబ్బంతా ఇందులో పెట్టింది. కొడుకు వాసుని సముద్రం మీదికి పంపకుండా బందరులో ఐసు పెట్టెలతో చేపల కొట్టు పెట్టించాలని ఆమె కోరిక. ఇంకో కోరికంటూ ఆమె నోట నేను వినలేదు.

షేర్లు ఎవరి పేరు మీద అన్న ప్రశ్న వచ్చింది. ఇంతమందికి విడివిడిగా ఖాతాలు, సంతకాలు, నకళ్ళు అంటే కష్టం అన్నాడు అనుదీప్. అప్పుడు మా వాళ్ళు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. చెరువు లీజులాగే అన్నీ జనార్దనరావు గారి పేరు మీద పెట్టేద్దాం అన్నారు. బావగారు అలాగే అన్నారు. కంపెనీకి గట్టు ఉండదని, నిలబడి చూడటానికి కాటా ఉండదని ఆ రోజు ఏ బుర్రకీ తట్టలేదు.

మొదటి ఏడాది మా బోటివాళ్ళ చెరువుల మీద ఆ యంత్రాలు బాగానే అమ్ముడయ్యాయి. బెంగళూరు నుంచి ఒక పెద్ద ఫండు వచ్చి డబ్బు పెట్టింది. సూటు బూటు వాళ్ళే. అప్పుడు అనుదీప్‌కి నచ్చింది. ఆ తర్వాత చెన్నై నుంచి టైడ్‌లూమ్ అనే కంపెనీ కేసు వేసింది. నీళ్ళ చప్పుడు విని మేత వేసే పద్ధతి మీద పేటెంటు మాది, చిటపట వాళ్ళు కాపీ కొట్టారు అని. మా దగ్గరా పేటెంటు ఉంది, అసలు మీ పేటెంటే చెల్లదు అని వీళ్ళు ఎదురు కేసు. తేలేదాకా కొత్త యంత్రాలు అమ్మడానికి వీల్లేదని కోర్టు ఆపేసింది.

మా చెరువు మీద ఉన్నది మొదటి యంత్రం కాబట్టి దాన్ని పరిశీలించి సీలు వెయ్యడానికి కోర్టు ఒక కమిషనర్ని పంపింది. ఆయనొక యువ లాయరు, నల్లబూట్లతో వచ్చి గట్టు మీద జారుతూ నడిచాడు. వెనక టైడ్‌లూమ్ ఇంజనీరు ఒకతను ఫొటోలు తీస్తూ వచ్చాడు. మధ్యాహ్నం వేళ. మన నోటి దగ్గర కూడు తీసెయ్యడానికి వచ్చిన ఇద్దరికీ మా ఆయన ఏం చేశారో తెలుసా? కొబ్బరిబొండాలు కొట్టించి ఇచ్చారు. తర్వాత అరిటాకులు వేయించి అన్నం పెట్టించారు. ఆ ఇంజనీరు రొయ్యల వేపుడు రెండోసారి వడ్డించుకుని, "చాలా బాగుందండీ," అన్నాడు. సీలు వేసిన యంత్రానికి గోనెపట్టా కప్పి వెళ్ళిపోయారు. నేను గిన్నెలు ఎత్తిపడేస్తుంటే మా ఆయన, "వాళ్ళు మాత్రం ఏం చేస్తారే, ఉద్యోగం," అన్నారు. మరి మనం ఏం చేస్తామో ఆయన చెప్పలేదు.

అలా రెండేళ్ళు పైన గడిచాయి. అమ్మకాలు లేవు. మాకున్న వాట్సాప్ గ్రూపులో అనుదీప్ వాయిదా పడిన ప్రతిసారీ ఒక మెసేజ్ పెట్టేవాడు. మన లాయరు అద్భుతంగా వాదించారు, న్యాయం మన వైపే ఉంది, గెలిచిన రోజున మన షేరు ఎక్కడికో వెళ్తుంది. కింద అందరూ దణ్ణం బొమ్మలు. కొన్నాళ్ళకి లాయర్ల ఖర్చులకి ఇంకాస్త పెట్టాలన్నాడు. ఇప్పుడు ఆపేస్తే పెట్టిందంతా పోతుందన్నాడు. మళ్ళీ పెట్టాం. తాతమ్మ చెవి కమ్మలు తీసి పెట్టింది. నాకు తెలిసింది తర్వాత. ముందే తెలిస్తే ఆమె చెయ్యి పట్టుకుని ఆపేదాన్ని.

నాకు అప్పుడే అనుమానం పట్టుకుంది. అనుదీప్ మీద కాదు, ఆ ఒక్క పేరు మీద. గుడివాడ వెళ్ళి బావగారిని అడిగాను.

"బావగారూ, ఈ షేర్లు నావి కావు, ఫలానావాళ్ళ తరఫున నా పేరు మీద ఉన్నాయి అని ఒక కాగితం రాసి కంపెనీకి ఇవ్వచ్చటండీ. దానికి పద్ధతి ఉందట. ఇచ్చేద్దామా?"

ఆయన కాఫీ గ్లాసు కింద పెట్టారు. "అలాగేనమ్మా," అన్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "తప్పకుండా రాసేద్దాం. నేను ఎప్పుడు పోతానో ఎవరికి తెలుసు."

చూశారా, కాదనలేదు. ఇంటికి చేరేలోగా మా తోటికోడలి ఫోను. ఆయన అన్నం ముట్టలేదట. ఇన్నేళ్ళ తర్వాత నన్ను అనుమానించారు అని గోడవైపు తిరిగి పడుకున్నారట. మా ఆయన నామీద విరుచుకుపడ్డారు. అన్నయ్యని అంత మాట ఎలా అన్నావు అని. నేను ఏ మాటా అనలేదు మొర్రో అంటే వింటే కదా. వాటాదారులు ఒక్కొక్కరే ఫోను చేసి, మాకేం కాగితాలు అక్కర్లేదమ్మా, ఆయన మనసు కష్టపెట్టకు అన్నారు. చివరికి నా చేతే ఫోను చేయించి, ఏం వద్దులెండి బావగారూ, భోంచెయ్యండి అని చెప్పించారు. చెప్పాను. ఆ పూట నాకు మాత్రం ముద్ద దిగలేదు, కోపంతో.

మొన్న వేసవిలో ఒకరోజు పొద్దున్నే ఫోనులో ఫొటో వచ్చింది. అనుదీప్, టైడ్‌లూమ్ ఎండీ ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు చేతులు వేసుకుని నవ్వుతున్నారు. రెండు కంపెనీల చారిత్రక కలయిక అని పైన రాసి ఉంది. కేసులు రెండు వైపులా వెనక్కి తీసుకుంటున్నారట. చిటపట పేటెంట్లు, యంత్రాలు, పనివాళ్ళు అన్నీ టైడ్‌లూమ్‌కి వెళ్తాయట. అనుదీప్ అక్కడ పెద్ద ఉద్యోగంలో చేరతాడట. కింద మావాళ్ళు అప్పటికే దణ్ణం బొమ్మలు పెట్టేశారు, శుభాకాంక్షలు అంటూ.

నేను కంపెనీ సెక్రటరీకి ఫోను చేశాను. ఐశ్వర్య అని విజయవాడ అమ్మాయి. మర్యాదగా, ఓపిగ్గా చెప్పింది.

"అమ్మే డబ్బు ముందు బ్యాంకుకి, లాయర్లకి వెళ్తుందండీ. తర్వాత బెంగళూరు ఫండుకి. ఒప్పందం అలా ఉంది. ఆ తర్వాత మిగిలితే మామూలు షేర్‌హోల్డర్లకి."

"మిగులుతుందా అమ్మా?"

"లేదండీ. మీకు కంపెనీలో షేర్లు మాత్రం ఉంటాయి."

"అన్నీ వాళ్ళకిచ్చేశాక ఆ కంపెనీలో ఏముంటుంది?"

"పేరు ఉంటుందండీ," అంది.

అంటే మూడేళ్ళు కొట్టుకున్నవాళ్ళిద్దరూ కౌగిలించుకున్నారు, అందులో ఒకడి చేతికి కర్ర కొనిచ్చిన మేము మిగిలాం. లాయర్లకి ఫీజు మాది. ఆ ఫీజులతో లాయర్లు తెచ్చిన రాజీలో మాకు చోటు లేదు. నేను అరిచినట్టున్నాను, ఐశ్వర్య గొంతు తగ్గించి చెప్పింది.

"మేడమ్, ఇంత పెద్ద అమ్మకానికి షేర్‌హోల్డర్ల మీటింగులో ఓటు పెట్టాలండీ. నాలుగింట మూడొంతులు ఔననాలి. జనార్దనరావు గారి పేరు మీద ఉన్నవి పావు వంతు కంటే కాస్త ఎక్కువే. ఆయన కాదంటే తీర్మానం పడిపోతుందండీ. టైడ్‌లూమ్ వాళ్ళకి ఈ పేటెంట్లు కావాలి. మళ్ళీ బేరానికి రాక తప్పదు. అప్పుడు మీ వాటా గురించి అడగొచ్చు."

"ఆ ఓటు ఆయన బదులు నేను వెయ్యొచ్చా?"

"ఆయన రాసిస్తే వెయ్యొచ్చండీ. మీటింగుకి రెండు రోజుల ముందే ఇవ్వాలి."

నేనూ తాతమ్మా కలిసి గుడివాడ వెళ్ళాం, మా ఆయన కూడా వచ్చారు. బావగారు అంతా విన్నారు. తాతమ్మ కిందే కూర్చోబోతే కుర్చీ వేయించి మరీ కూర్చోబెట్టారు. ఆ మర్యాదలకేం తక్కువ లేదు.

"వాసు ఇప్పుడు ఎవరిదో బోటు మీద కూలికెళ్తున్నాడండీ బాబుగారూ," అంది తాతమ్మ. "మొన్న అల్లకల్లోలంలో రెండ్రోజులు కబురు లేదు. ఒడ్డునే కూర్చున్నాను. మీరు కాదంటే మా డబ్బు మాకొచ్చే దారుందంట కదండీ."

"కాదంటానమ్మా. తప్పకుండా అంటాను. మీ అందరి సొమ్ము అది."

"పోనీ ఓటు నాకు రాసివ్వండి బావగారూ, నేనే వేసేస్తాను. మీకు ఆ అబ్బాయి ముందు ఇబ్బంది ఉండదు," అన్నాను.

"నేను బతికుండగా నా బదులు ఇంకొకళ్ళు ఎందుకమ్మా? జనం ఏమనుకుంటారు? నేనే వేస్తానుగా."

మా ఆయన పక్కనుంచి నా కాలు తొక్కారు. ఊరుకున్నాను. తొక్కించుకున్న కాలుకంటే ఊరుకున్న నోరు మీద నాకు ఎక్కువ కోపం వచ్చింది.

మీటింగు గుడివాడలోనే ఒక హోటల్ మేడ మీద ఏసీ హాల్లో పెట్టారు. వాటాదారులందరం బస్సుల్లోనూ బండ్ల మీదా వెళ్ళాం. గుమ్మం దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న అబ్బాయి రిజిస్టరులో పేర్లు చూసి, జనార్దనరావు గారిని ఒక్కరినే లోపలికి పంపాడు. మా పేర్లు అందులో లేవు కదా. మేము బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయనకి దారి ఇవ్వడానికి మావాళ్ళు లేచి నిలబడ్డారు కూడా.

హాలుకి అద్దాల తలుపు. లోపల మాట వినపడదు, మనుషులు కనపడతారు. అనుదీప్ వచ్చి బావగారి కాళ్ళకి దణ్ణం పెట్టి, కుర్చీ లాక్కుని ఆయన మోకాళ్ళు తగిలేంత దగ్గరగా ఎదురుగా కూర్చున్నాడు. ఏదో చెప్తున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. బావగారు అతని చెయ్యి పట్టుకుని నిమురుతున్నారు. అది చూశాక నేను కూర్చోలేకపోయాను. మా ఆయన వద్దంటున్నా తలుపు తోసుకుని లోపలికి వెళ్ళాను. బల్ల దగ్గర అబ్బాయి మేడమ్ మేడమ్ అంటూ వెనకే వచ్చాడు.

"ఏంరా అనుదీప్, ఏం చెప్తున్నావు ఆయనకి?"

"పిన్నీ, కూర్చో. నిజం చెప్తాను. ఈ రాజీ కాకపోతే కంపెనీ మూతే. కేసు ఇంకో ఐదేళ్ళు నడుస్తుంది. నా దగ్గర పనిచేసే వాళ్ళందరూ రోడ్డున పడతారు. నేను రాత్రులు నిద్రపోయి ఎన్నాళ్ళయిందో నీకు తెలీదు."

"మా డబ్బో?"

"పెట్టుబడి అంటేనే రిస్కు కదా పిన్నీ. నాకు మాత్రం బాధ లేదా?"

"నీకు బాధ ఉంది, దానితో పాటు ఉద్యోగం కూడా ఉంది. తాతమ్మకి బాధ ఒక్కటే ఉంది. తేడా తెలుస్తోందా?"

అతను తల దించుకున్నాడు. అతనిది నటన కాదు, ఏడుపు నిజమే. అదే మరీ మంట. నేను ఇంకో కుర్చీ లాగి, అనుదీప్ పక్కనే, బావగారికి ఎదురుగా కూర్చున్నాను.

"బావగారూ, మీరు మాటిచ్చారు. కాదు అని ఒక్క టిక్కు పెట్టండి చాలు. అతని మొహం చూడక్కర్లేదు. చీటీ మీదే."

ఆయన నావైపు చూశారు. అనుదీప్ వైపు చూశారు. నుదురంతా చెమట. ఏసీ హాల్లో. ఐశ్వర్య వచ్చి, షేర్‌హోల్డర్లు కానివాళ్ళు బయటికి వెళ్ళాలండీ, ఓటింగు మొదలవుతోంది అని నన్ను లేపింది. ఆ అమ్మాయి మొహంలోనూ ఇబ్బందే. ఈ లోకంలో ఇబ్బంది పడనివాళ్ళు ఒక్కళ్ళుంటే బాగుండునని నాకు అప్పుడు అనిపించింది.

కాసేపటికి బావగారు బయటికి వచ్చారు. కండువాతో మొహం తుడుచుకుంటూ, భారం దించుకున్నవాడిలా నవ్వుతూ వచ్చారు. మేమందరం చుట్టూ మూగాం.

"ఏమైంది అన్నయ్యా?" అన్నారు మా ఆయన.

"ఎవరి మనసూ కష్టపెట్టలేదురా," అన్నారు ఆయన. "ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. చీటీ ఖాళీగా మడిచి వేసేశాను. ఆ అబ్బాయి పనికి నేను అడ్డం పడలేదు. మీ మాట కాదని అతనికి ఓటూ వెయ్యలేదు. ఇప్పుడు ఎవరూ నన్నేమీ అనలేరు."

ఖాళీ చీటీ అనగానే నాకు అనుమానం వచ్చింది. మావాళ్ళకి అర్థం కాలేదు. ఆయనది రాలేదు కాబట్టి మూడొంతులు వచ్చి ఉండవులే అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటున్నారు. ఐశ్వర్య కాగితం పట్టుకుని తలుపు దగ్గరికి వచ్చింది. నేను అడిగాను.

"ఖాళీ చీటీ వేస్తే ఏమవుతుందమ్మా?"

"అది లెక్కలోకి రాదండీ. వేసిన ఓట్లలోనే మూడొంతులు చూస్తాం. మిగతావాళ్ళందరూ ఔననే వేశారు." ఆ అమ్మాయి నా కళ్ళలోకి చూడలేదు. "తీర్మానం నెగ్గిందండీ."

బావగారి మొహంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు, ఎక్కడికి పోవాలో తెలియనట్టు అక్కడే ఉండిపోయింది. ఇంతలో అనుదీప్ పరిగెత్తుకుంటూ వచ్చి ఆయన కాళ్ళ మీద వంగాడు.

"మీ మేలు జన్మలో మర్చిపోను పెదనాన్నా," అన్నాడు.

ఆయన చెయ్యి అలవాటుగా లేచి అతని తల మీదికి వెళ్ళింది. ఆ చెయ్యి చూస్తూ అక్కడ నిలబడ్డాను. జీవితంలో ఎవరి మీదా నాకు అంత కోపం రాలేదు. ఆయన లంచం తీసుకున్నా అంత వచ్చేది కాదు. మా అందరి సొమ్మునీ ఆ మనిషి ఒక్క రూపాయి తీసుకోకుండా, ఒక్క క్షణం ఇబ్బంది తప్పించుకోవడానికి ఇచ్చేశారు.

తాతమ్మ కుర్చీలోంచి లేచి ముందుకు వచ్చింది. ఆమె అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"బాబుగారూ, బోటు అమ్మేటప్పుడు నాకిష్టం లేదండి. వాసు ఏడ్చాడు. మీరొచ్చి మా గుమ్మంలో కూర్చుని, మంచి అవకాశం తాతమ్మా అన్నారు. అంత పెద్ద మనిషి మా ఇంటికొచ్చి కూర్చుంటే కాదంటం ఎలాగని ఇచ్చేశాను. మాకూ ఉంటాయండి మొహమాటాలు. కాకపోతే నేనిచ్చింది నా బోటు. ఇయ్యాల మీరిచ్చింది ఎవరిదండి?"

బావగారు చుట్టూ చూశారు, ఎవరైనా ఒకళ్ళు ఆయన్ని ఒడ్డున వేస్తారేమోనని. వేసేవాళ్ళకి కొదవేముంది? ఇన్నేళ్ళ అలవాటు. తెల్లబోయిన ఆ మొహం చూడలేక మా ఆయనే ముందుకు వచ్చారు.

"పోనీలే అన్నయ్యా," అన్నారు. "నువ్వు కావాలని చేశావా ఏంటి?"

"పోనివ్వను," అన్నాను.

గట్టిగానే అన్నాను. లోపలున్న బెంగళూరు ఫండు మనిషి కూడా అద్దంలోంచి తొంగి చూశాడు.

"కావాలని చేస్తే క్షమించేదాన్నేమో బావగారూ. ఆ షేర్లు మీవి కావని రేపు లాయరు ముందు రాసివ్వండి. కంపెనీల ట్రిబ్యునల్‌కి వెళ్తాను. గెలుస్తానో లేదో నాకు తెలీదు. మీరు అలాగేనమ్మా అనక్కర్లేదు, ఏడవక్కర్లేదు, అన్నం మానెయ్యక్కర్లేదు. రాసివ్వండి, అంతే. రాయకపోతే మొదటి నోటీసు మీకే పంపిస్తాను."

"రాజ్యలక్ష్మీ!" అన్నారు మా ఆయన.

అప్పుడే హోటల్ మనిషి వచ్చి, భోజనాలు రెడీ అండీ, కింద హాల్లో అందరికీ ఏర్పాటు ఉంది అని చెప్పాడు. చిటపట తరఫున ఆఖరి విందట. మావాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ముందు ఒకాయన కదిలాడు, పిలిచాక వెళ్ళకపోతే బాగుండదు అంటూ. ఆయన వెనక ఇద్దరు, వాళ్ళ వెనక మిగిలినవాళ్ళు. సొమ్ము పోగొట్టుకున్నవాళ్ళు, పోగొట్టినవాళ్ళు వడ్డించే అన్నానికి వరసగా మెట్లు దిగారు.

నేను తాతమ్మ చెయ్యి పట్టుకుని రెండోవైపు మెట్లు దిగాను. బందరు బస్సు దొరికే వేళ. మా ఆయన పైనుంచి పిట్టగోడ మీదికి వంగి పిలుస్తున్నారు.

"ఒక్క ముద్ద తిని వెళ్ళు! అన్నయ్య నొచ్చుకుంటాడే!"

"నొచ్చుకోనీ," అన్నాను.